గల్వాన్ రాత్రికి ముందు పదిహేనేళ్లు

ముండ్లమూరు

చిరంజీవి మనవరాలికి,

సైనిక పాఠశాల పరీక్ష రాస్తానని మీ అమ్మతో చెప్పావట. చాలా సంతోషం. ఈ సందర్భంలో నీకు కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు గురించి చెప్పాలనిపించింది. గల్వాన్ వీరుడిగా ఆయన ఫొటో చూసే ఉంటావు. కానీ అక్కడ చైనా సైనికులతో పోరాడిన ఆ ఒక్క రాత్రే ఆయన జీవితం అనుకోవద్దు తల్లీ.

ఆయనది సూర్యాపేట. తండ్రి బ్యాంకు ఉద్యోగి. నీ వయసులోనే ఇల్లు వదిలి విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో ఆరో తరగతిలో చేరాడు. ఆ తర్వాత ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ, డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ. 2004 డిసెంబరులో 16 బిహార్ బెటాలియన్‌లో అధికారి అయ్యాడు. తెలుగు కుర్రాడు ఎక్కడో పుట్టి పెరిగిన జవాన్ల మధ్య ఉండి, వాళ్ల మాట, పండుగలు, ఇళ్ల కష్టాలు తెలుసుకోవాలి. అధికారికి మొదటి చదువు అదే. అలా పదిహేనేళ్లు పనిచేశాక, 2019 చివర్లో అదే బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యాడు. నాకు మాత్రం ఆ పదిహేనేళ్లే ముఖ్యం.

2020 జూన్ 6న చైనాతో సైనిక చర్చలు జరిగాయి. లద్దాఖ్ సరిహద్దులో ఎదురెదురుగా ఉన్న రెండు పక్షాలూ వెనక్కి తగ్గాలనుకున్నాయి. జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆ మాట నిలబడలేదు. సరిహద్దు దగ్గర తుపాకులు పేల్చకూడదని 1996లో ఒప్పందం ఉంది. అందుకే అక్కడ పోరు రాళ్లతో, పదునైన ఆయుధాలతో సాగింది. శత్రువు ఎదుటే పరిశీలన స్థావరం ఏర్పాటు చేసే బాధ్యత సంతోష్‌బాబుది. తీవ్రంగా గాయపడ్డా వెనక్కి తగ్గలేదు, చివరి ఊపిరి దాకా ముందుండి నడిపాడు. మనవాళ్లు మొత్తం ఇరవై మంది అమరులయ్యారు.

2024 డిసెంబరులో మన ఊళ్లో భూమి కంపించింది కదా. ఆ క్షణంలో ఎవరి కాళ్లయినా వాకిటి వైపే పరుగెడతాయి. భయం ఎవరికైనా అంతే. ఆ భయంలోనూ సంతోష్‌బాబులా తన మనుషుల దగ్గరే నిలబడటం ఏళ్ల తరబడి సాధన చేస్తే వచ్చే గుణం.

సంతోష్‌బాబు బెటాలియన్‌లోనే ఉండి ఆ రాత్రి పోరులో పాల్గొన్న నర్సింగ్ అసిస్టెంట్ నాయక్ దీపక్ సింగ్ పేరు కూడా గుర్తుపెట్టుకో. తనకూ గాయాలైనా ముప్పై మందికి పైగా సైనికులకు చికిత్స చేసి ప్రాణాలు విడిచాడు. ఆయనకు వీర చక్ర ఇచ్చారు. సంతోష్‌బాబుకు పరమవీర చక్ర తర్వాతి పురస్కారమైన మహావీర చక్ర ప్రకటించారు. 2021 నవంబరులో ఆయన తల్లి, భార్య రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు.

ఇక నీ సంగతి. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. కోరుకొండతోపాటు కలికిరిలోనూ సైనిక పాఠశాల ఉంది. ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది. 2022 నుంచి డిఫెన్స్ అకాడమీలోనూ అమ్మాయిలు చేరుతున్నారు. పరీక్షలో లెక్కలకే ఎక్కువ మార్కులు, ముందు వాటి మీద కూర్చో. ఈసారి సీటు రాకపోయినా దిగులు పడకు. ఇంటర్ చదువుతూ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాయొచ్చు. రేపటి నుంచి పొద్దున్నే లేచి పరుగు మొదలుపెట్టు.

ఇట్లు,
మీ తాతయ్య