రొమ్ము క్యాన్సరు – తోడుండువారి సాయము

మన పూర్వులు రాచపుండని పిలిచిన వ్యాధికే నేడు క్యాన్సరని పేరు. ఇది స్త్రీలకు రొమ్మునందు పుట్టినప్పుడు దేహబాధతోపాటు మనోవ్యథయు కలుగును. పైకి చెప్పుకొనుటకు సిగ్గు. పిల్లల గతి యేమగునో యను దిగులు. అంటుకొనునేమో యని చుట్టములు దూరముగా నుండుట. (ఇది అంటువ్యాధి కాదు. విద్యార్థులు ఈ మాటను ఇంటిలోని పెద్దలకు చెప్పుదురు గాక.) ఇట్టి స్త్రీకి పదిమంది తోడు ఎంతవఱకు ఉపకరించును?

అమెరికాలో టెరీస్ లాసర్ అను నామె 1952వ సంవత్సరమున శస్త్రచికిత్స వలన రొమ్మును కోల్పోయెను. చేతిని మరల నెట్లు పైకెత్తవలయును, ఎట్టి దుస్తులు ధరింపవలయును అను సంగతులు చెప్పువారు ఆమెకు దొరకలేదు. అందుచే నామెయే యితర రోగుల పడకలయొద్దకు పోయి చెప్పసాగెను. కొందఱు వైద్యులకు ఇది మొదట రుచింపలేదు. అయినను 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ యీ సేవను తన పనులలో చేర్చుకొనెను.

పిమ్మట శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరీక్షింపబూనిరి. డేవిడ్ స్పీగెల్ అను మానసిక వైద్యుడు, వ్యాధి ఇతరాంగములకు ప్రాకిన 86 మంది స్త్రీలలో కొందఱిని వారమునకొకసారి, ఒక యేడాదిపాటు, ఒకచోట కూర్చెను. వారు తమ నొప్పిని, మరణభయమును, సంసారపు చిక్కులను దాచక చెప్పుకొనిరి. 1989లో ప్రకటింపబడిన ఫలితము లోకమును ఆశ్చర్యపఱచెను: కూడినవారు సగటున 36.6 నెలలును, కూడనివారు 18.9 నెలలును జీవించిరి.

కాని యొక్క పరీక్షతో శాస్త్రము తీర్పు చెప్పదు. 2001లో కెనడాయందు పమేలా గుడ్విన్ బృందము 235 మందిని పరీక్షింపగా ఆయుర్దాయమున భేదము కానరాలేదు. 2007లో స్పీగెల్ తానే 125 మందితో మరల పరీక్షించి, మొత్తముమీద ఆయువు పెరుగలేదని ప్రకటించెను. తన మొదటి మాటను తానే యిట్లు పరీక్షకు పెట్టుట మెచ్చదగినది.

అట్లయిన తోడు వ్యర్థమా? కాదు. కెనడా పరీక్షలో కూడినవారికి మనోవేదనయు, నొప్పియు తగ్గెను. ఆయువు పెరిగినగాని సాయము సాయము కాదనుట నాకు సమ్మతము కాదు. అంతకంటె క్రూరమైనది, "ధైర్యముగా నుండిన రోగము పోవును" అని రోగికి చెప్పుట. వ్యాధి ముదిరినప్పుడు ఆమె తన పిఱికితనమే కారణమని కుములును. వ్యాధికి కావలసినది చికిత్స. ఆసుపత్రికి వెంట పోవుట, నీళ్లబిందె ఎత్తిపెట్టుట, చెప్పినది వినుట తోడివారి పని.

ఇంకొక సంగతి. కెనడాలో మేలు పొందినవారు మొదట మిక్కిలి దిగులుతో నున్నవారే. దిగులు తక్కువగా నున్నవారికి అంతగా మార్పు కలుగలేదు. కావున మాటలాడుమని యెవరిని బలవంతపెట్టరాదు. ఏమి కావలెనో ఆమెనే యడుగవలెను.