హోప్ ద్వీపము నేర్పు పాఠము

మార్టూరు ప్రాంతమున ప్రత్తి, మిరప పండించు రైతులకు సముద్రముతో పనియేమని తోచవచ్చును. కాని కార్తిక, మాఘ మాసములలో ఇచ్చటి కుటుంబములు వాడరేవుకో, సూర్యలంకకో సముద్ర స్నానమునకు పోవుట వాడుక. కనుక యాత్రికులవలన తీరమునకు కలుగు లాభనష్టములను పంచాయతీ సభ్యులు ఎరుగవలసియున్నది. కాకినాడ ఎదుటనున్న హోప్ ద్వీపము ఇందుకు మంచి ఉదాహరణము.

ఇది రాతి దీవి కాదు. గోదావరి మోసుకొనివచ్చిన ఇసుకను అలలు పేర్చగా సుమారు రెండు శతాబ్దములలో పెరిగిన సన్నని దిబ్బ. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. బంగాళాఖాతపు ఉధృతిని ఇది అడ్డుకొనుటచేతనే కాకినాడ రేవులో నావలు నిబ్బరముగా లంగరు వేయుచున్నవి. దీని లోపలివైపున కోరింగ మడ అడవులు కలవు. రొయ్య పిల్లలకు, చేప పిల్లలకు అవి పెంపుడు తల్లులు. 1978లో ఈ ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించిరి.

ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్ళు చలికాలపు చివర రాత్రివేళ ఈ ఒడ్డు నెక్కి, ఇసుకలో గోయి త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి పోవును. 45 మొదలు 60 దినములకు పిల్లలు వెలువడి, అధికముగా వెలుగు తోచు దిక్కునకు ప్రాకును. చీకటి తీరమున ఆ వెలుగు సముద్రముపైని ఆకాశమే. ఒడ్డున విద్యుద్దీపమో, నెగడో ఉన్నచో పిల్లలు దారితప్పి కుక్కల పాలగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనికి అత్యున్నత రక్షణ కల్పించినది. శ్రీకూర్మమున కూర్మనాథుని మ్రొక్కువారము మనము. మ్రొక్కుట సులభము, గ్రుడ్లున్న ఇసుకను త్రొక్కకుండుటయే కష్టము.

మత్స్యకారుని మాటయు వినవలెను. తాబేలు గాలికై పైకి రావలసిన ప్రాణి. ట్రాలు వలలో చిక్కినచో ఊపిరాడక చచ్చును. అది బయటపడుటకు ద్వారముగల వలలు ఉన్నవి. అందుండి చేపలును కొన్ని జారిపోవునని అతని భయము. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధమే అతనికి భారము. ధర పడిపోయిన ఏట రైతు ఎరిగిన బాధయే ఇది. పడవ అద్దె, భోజనము, దారి చూపుట వంటి యాత్రికుల సొమ్ము అతని ఇంటికే చేరినచో గూళ్ళకు కావలి అతడే కాయును.

ఈ తాబేళ్ళు సూర్యలంక తీరమునను గ్రుడ్లు పెట్టును. అది మాఘస్నానపు కాలమే. ట్రాక్టర్లు బయలుదేరకముందే పంచాయతీ చాటింపు వేయించవచ్చును: రాత్రి ఒడ్డున నెగళ్ళు వేయరాదు, ఇసుకపై బండ్లు తోలరాదు, విస్తళ్ళు, ప్లాస్టిక్ సంచులు తిరిగి తెచ్చుకొనవలెను, గూడు కనబడినచో తాకక అటవీశాఖవారికి తెలుపవలెను.