నడుమునొప్పికి వెనుకటి కథ



నాలుగేండ్ల ప్రాయమున మూత్రపిండమునందు విల్మ్స్ కంతి పుట్టగా, ఆ మూత్రపిండమును తీసివేసి, కడుపున ఆ ప్రక్కకు కిరణచికిత్స చేసి బ్రదికించిన బిడ్డ, నేడు ముప్పదియేండ్లవాడై, గంటసేపు కుర్చీలో కూర్చుండినచో లేవలేక, నడుము పట్టుకొని నీయొద్దకు వచ్చెనని వ్రాసితివి. వ్యాధి నయమై ఇన్నేండ్లైన పిదప ఈ నొప్పి యేలనని నీ ప్రశ్న. నయము చేసిన చికిత్సయే దీనికి మూలము కావచ్చునమ్మా.

ఎదుగు వెన్నుపూసకు పైనను క్రిందను ఉండు మృదులాస్థి పలకలవలననే పూస యెత్తు పెరుగును. కంతికణములను చంపు కిరణము ఆ పలకలను గూడ క్రుంగదీయును. పూసలో ఒక సగమునకే కిరణము సోకినచో, ఆ సగము పొట్టిదై, రెండవది తన తీరున పెరిగి, యౌవనారంభమున బిడ్డ వడివడిగా ఎదుగునప్పుడు వెన్ను వంకరపోవును. ఇది గ్రహించిన పిమ్మట వైద్యులు పూస వెడల్పునంతను కిరణమార్గములోనికి తెచ్చిరి. వెన్ను కొంత కుఱుచయైనను నిటారుగా నిలుచునని వారి యాశ. ఐనను కిరణము సోకిన ప్రక్క కండరములు తఱచు సన్నగిల్లును. బలము చాలని కండ దినమంతయు మొండెమును మోసి అలసినప్పుడు నొప్పి పుట్టును.

కావున ఎక్స్‌రే చేతబట్టుటకు ముందు అతని చొక్కా విప్పించి, వెలుతురున నిలువబెట్టి, వెనుకనుండి చూడుము. భుజములలో ఒకటి ఎత్తుగా నున్నదా? ముందునకు వంగినప్పుడు ప్రక్కటెముకలు ఒకవైపే ఉబ్బుచున్నవా? రెండరచేతులను నడుమునకు ఇరువైపుల నుంచి, ఏ ప్రక్క కండ పలుచగా తగులునో పోల్చుకొనుము.

రక్తక్యాన్సరు తగ్గినవారి దారి వేఱు. అచట స్టెరాయిడ్లును మెథోట్రెక్సేటును ఎముకను గుల్లచేయగా పూసలు నొక్కుకొనిపోవచ్చును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో సిద్ధపఱచిన మందగు అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సరు గల 16 మంది బిడ్డలకిచ్చి, 10 మందికి గుణము కనబడెనని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించెను. ఆ గుణమును తాత్కాలికమే. నాడు బిడ్డ బ్రదుకుటయే గగనము. పెద్దయైన పిదప వచ్చు నడుమునొప్పిని తలపోయు భాగ్యము నేటి వైద్యులకు దక్కినది, దానిని చులకన చేయరాదు.

నొప్పి క్రొత్తగా ముదిరి రాత్రి నిద్ర చెఱచినను, కాళ్లు సత్తువ తప్పినను, మూత్రము నిలిచినను, ఎం.ఆర్.ఐ.కి జాగు చేయకుము. కిరణము సోకిన చోట ఏండ్లకు క్రొత్త కంతి పుట్టుటయు కలదు. అట్టివి లేనప్పుడు, కండకు బలమిచ్చు వ్యాయామమును ఫిజియోథెరపిస్టుచేత క్రమముగా నేర్పింపుము. ఒంటి మూత్రపిండమువాడు మందులదుకాణమున డైక్లోఫెనాక్ కొని మ్రింగుచున్నాడేమో తప్పక అడుగుము. అది ఆ మిగిలినదానికి చేటు. అతని తల్లియొద్ద పాత ఆసుపత్రి కాగితములున్న తెప్పించి, కిరణము ఏ ప్రక్క, ఎంత మోతాదున ఇచ్చిరో ఒక పుటలో వ్రాసి అతని చేతికిమ్ము.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి