శిబిరానికి వెళ్లాలా, వద్దా?

రేపల్లె నుంచి రైల్లో తెనాలికి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో బాపట్లకి వచ్చి చదువుకునే పిల్లలకు సాయంత్రం బెల్లుతోనే కాలేజీ అయిపోతుంది. పదిమందితో ఒకచోట ఉండి, ఒక పని నెత్తినేసుకుని పూర్తిచేసే అవకాశం వాళ్లకు అరుదు. అందుకే కొన్నాళ్లు అక్కడే బస చేసే నాయకత్వ శిక్షణ శిబిరానికి వెళ్లాలా అని ఎవరైనా అడిగితే వెళ్లమనే చెబుతాను. అయితే ఎవరు, ఎందుకు నడుపుతున్నారో చూసుకుని వెళ్లాలి.

ఇలాంటి శిక్షణ ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1921లో చీరాల-పేరాల ఉద్యమంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య యువకులను రామదండు అనే స్వచ్ఛంద దళంగా కూడగట్టారు. 1930ల్లో ఆచార్య ఎన్.జి. రంగా తన సొంతూరు నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు విద్యాలయం పెట్టారు. అక్కడ నేర్చుకున్నది ఉపన్యాసం కోసం కాదు, ఊళ్లో రైతుల మధ్య పనిచేయడానికి. మీ ముందున్న కార్యక్రమాన్నీ అలాగే చూడండి: బయటికొచ్చాక ఏ పని చేయగలుగుతారు?

ఆ లెక్కన నేను ముందు చెప్పేది ఎన్.సి.సి. గురించే. శిబిరాల్లో తెల్లవారుజామునే లేవడం, డ్రిల్లు, ఆయుధ శిక్షణ, వంతులవారీగా దళాన్ని నడిపించడం ఉంటాయి. ‘సి’ సర్టిఫికెట్ కనీసం ‘బి’ గ్రేడుతో ఉండి, డిగ్రీలో 50 శాతం మార్కులుంటే సైన్యంలో ఎన్.సి.సి. ప్రత్యేక ప్రవేశానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సైన్యాధికారి ఉద్యోగాలకు పెట్టే సి.డి.ఎస్. రాతపరీక్ష రాయనక్కర్లేదు, దరఖాస్తుల వడపోతలో నిలిస్తే నేరుగా ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూకే పిలుస్తారు. అదీ అయిదు రోజులు అక్కడే ఉండి ఎదుర్కోవాల్సిన పరీక్షే. పరాయి కుర్రాళ్లతో కలిసి ఉండటం అలవాటైనవాడికి అక్కడ బెదురుండదు. ‘సి’ సర్టిఫికెట్ చేతికి రావాలంటే డిగ్రీ మూడేళ్లూ కావాలి. రెండో ఏడాదిలో ఆలోచిద్దామనుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

సైన్యం మీద ఆసక్తి లేనివాళ్లకు జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) ఉంది. 1969లో మొదలైన ఈ పథకంలో రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. బడిలోనే పడుకుని, వంతులేసుకుని వండుకుని, ఇంటింటికీ వెళ్లి సర్వే చేసే వారం అది. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు, సోషల్ వర్క్ పీజీకి వెళ్లేవాళ్లకు ఊరి సమస్య కళ్లారా కనబడేది అక్కడే. బాపట్ల వ్యవసాయ కళాశాలలో ఎంచుకునే ప్రశ్నే రాదు. చివరి ఏడాది గ్రామంలో రైతులతో గడపడం అక్కడ చదువులోనే భాగం.

ఇక ఫీజు కట్టించుకునే ప్రైవేటు శిబిరాలు. వీటి విషయంలో తొందరపడొద్దు. రోజువారీ టైంటేబుల్ అడగండి. రోజంతా ప్రసంగాలే అయితే ఇంటి దగ్గర ఉండి చదువుకోవడం మేలు. పోయినేడు వెళ్లొచ్చినవాళ్లతో మాట్లాడించమనండి. సర్టిఫికెట్ గురించి తప్ప మరేమీ చెప్పలేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. అప్పు చేసి మాత్రం వెళ్లకండి.

ఆడపిల్లల విషయంలో ఇంట్లో భయం సహజం. దాన్ని తీసిపారేయకండి. నాన్ననో అమ్మనో కాలేజీకి తీసుకెళ్లి ప్రోగ్రాం ఆఫీసర్‌తో మాట్లాడించండి. బస ఎక్కడ, వెంట వచ్చే మహిళా అధ్యాపకురాలెవరు, ఫోన్ నంబరేమిటి అన్నవి ముందే కాగితం మీద ఉంటే ఒప్పుకునే ఇళ్లు చాలానే ఉంటాయి. బ్యాక్‌లాగ్‌లు పేరుకున్నవాళ్లు, సెమిస్టర్ పరీక్షలు ఆ తేదీలకే పడ్డవాళ్లు మాత్రం ఈసారికి ఆగండి. ఇంటి పొలం పనికి మీరే దిక్కయితే అదీ ఆగడానికి సరైన కారణమే.

మొదటి ఏడాది విద్యార్థులారా, మీ కాలేజీలో ఎన్.సి.సి. అధికారి ఎవరో, ఎన్.ఎస్.ఎస్. ప్రోగ్రాం ఆఫీసర్ ఎవరో ఈ వారంలోనే కనుక్కుని, పేరు ఇవ్వడానికి ఆఖరు తేదీ అడగండి.