సాయం చేస్తామన్నవాళ్లకు పని చెప్పండి

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ప్రశ్న: నా వయసు 46. మా ఆవిడకు 41. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మూడు వారాలకోసారి కీమో ఇస్తున్నారు. రెండు అయ్యాయి. నాకు ఎరువుల కొట్టు ఉంది. పాప పదో తరగతి, బాబు ఆరో తరగతి. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేదు. కొట్టు, వంట, పిల్లల చదువు, ప్రయాణాలు అన్నీ నేనే చూసుకుంటున్నాను. స్నేహితులు ఫోన్ చేసి ‘ఏం కావాలన్నా చెప్పు’ అంటారు. ఒకరిని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఏమీ వద్దంటున్నాను. ఈ మధ్య నాకే ఓపిక ఉండటం లేదు. ఆమె పక్కన పది నిమిషాలు కూర్చునే తీరిక కూడా దొరకడం లేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చివరగా రాసిన మాటకే ముందు జవాబు చెబుతాను. వంట ఎవరైనా చేసి పంపగలరు. బాబును ట్యూషన్ నుంచి ఎవరైనా తీసుకురాగలరు. ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకోవాల్సింది మాత్రం మీరే. ఆ సమయం మిగలాలంటే మిగతా పనులు పంచక తప్పదు. ‘ఏం కావాలి’ అని అడిగేవాళ్లు నిజంగానే ఏదో ఒకటి చేయాలనుకుంటారు. ఏం చేయాలో వాళ్లకు తెలియదు, అంతే. ఫలానా రోజు, ఫలానా పని అని మీరు చెబితే వాళ్ల మనసు కూడా తేలికపడుతుంది.

అయితే ముందు ఆవిడను అడగండి. జబ్బు సంగతి ఎవరికి ఎంత చెప్పాలో, ఇంట్లోకి ఎవరు రావచ్చో నిర్ణయించాల్సింది ఆమే. జుట్టు రాలాక కొందరు ఎవరి కంటా పడటానికి ఇష్టపడరు. ఆమె సరేనన్నాక, మీ స్నేహితుల్లో నెమ్మదస్తుడైన ఒకరికి ఈ బాధ్యత అప్పగించండి. కబురు అడిగేవాళ్లంతా ఆయనకే ఫోన్ చేస్తారు, ఆయనే పనులు పంచుతారు. రోజూ పదిమందికి అదే కథ చెప్పే శ్రమ మీకు తప్పుతుంది.

మూడు వారాలకోసారి ఇచ్చే కీమోలో ఒక్కో వారం ఒక్కోలా ఉంటుంది. సాయాన్నీ అలాగే పంచుకోండి.

మొదటి వారం వికారం, నీరసం ఎక్కువ. చాలామందికి తాలింపు వాసనకే కడుపులో తిప్పుతుంది. అందుకే వంట మరో ఇంట్లో జరిగి, క్యారియర్ మీ ఇంటికి రావడం పెద్ద సాయం. మెత్తటి అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, బాగా ఉడికించిన గుడ్డు లాంటివి కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. నోరు పూసినప్పుడు కారం, పులుపు, ఊరగాయ ఆపేయాలి. బయట కోసి అమ్మే పండ్ల ముక్కలు, రోడ్డు పక్క చట్నీలు వద్దు. మరో జాగ్రత్త: కీమో తర్వాత 48 గంటల పాటు వాంతులు, మూత్రం అంటిన బట్టల్ని గ్లౌజులు వేసుకుని విడిగా ఉతకాలి. గర్భిణులు ఆ పని చేయకూడదు.

రెండో వారం అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఈ వారం పరామర్శలు వద్దని మీ స్నేహితుడి చేతే చెప్పించండి. సాయం గుమ్మం బయటే ఉండాలి. ఒకరు సాయంత్రం రెండు గంటలు కొట్టులో కూర్చోవచ్చు, ఒకరు కూరగాయలు తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్లవచ్చు, పాపకు లెక్కలు చెప్పగలవాళ్లు ఆమెను వాళ్లింటికే పిలిపించుకోవచ్చు.

ఇంట్లో థర్మామీటర్ తప్పనిసరి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది, వెంటనే సెలైన్ ద్వారా యాంటీబయాటిక్ పడాలి. మీ ఊరి నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. కాబట్టి అర్ధరాత్రి జ్వరం వస్తే ఖమ్మంలో ముందు ఏ ఆసుపత్రికి వెళ్లాలో మీ క్యాన్సర్ డాక్టర్‌ను ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. కారు నడపగల ఇద్దరు స్నేహితులు ఈ వారం రాత్రిళ్లు ఫోన్ దగ్గర పెట్టుకుని పడుకోవాలి. చికిత్స ఫైలు తలుపు పక్కనే ఉంచండి.

మూడో వారం ఓపిక తిరిగి వస్తుంది. జలుబు, దగ్గు లేని స్నేహితురాళ్లు వచ్చి కూర్చోవాల్సింది ఇప్పుడే. జబ్బు గురించి కాకుండా మామూలు కబుర్లు చెప్పమనండి. మీరిద్దరూ సాయంత్రాలు కాసేపు కలిసి నడవండి.

కాగితాల పని కూడా ఒకరికి అప్పగించవచ్చు. ఆరోగ్యశ్రీలో చేస్తున్నట్లయితే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రతో మాట్లాడటం, బిల్లులు వరుసగా పెట్టడం ఓపిక కావాల్సిన పనులే. చికిత్స కోసం రైల్లో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అది తెచ్చుకోవడం మర్చిపోవద్దు.

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. బుగ్గ లోపల క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, ఇప్పుడు రేడియేషన్ ఇస్తున్నారు. నోరంతా పుండ్లు. మాట సరిగ్గా రాదు. స్నేహితులొస్తే లోపలికి వెళ్లి తలుపేసుకుంటున్నారు, నా మీద విసుక్కుంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా బీపీ మాత్రలు కూడా మర్చిపోతున్నాను. – ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ఆయన విసుగు నొప్పి వల్ల కూడా కావచ్చు. ముందు ఆ నొప్పి సంగతి రేడియేషన్ డాక్టర్‌కు గట్టిగా చెప్పండి. నోటి పుండ్లకు మంచి మందులున్నాయి, అవసరమైతే మార్ఫిన్ కూడా ఇస్తారు. భయపడాల్సిన పని లేదు. మింగలేకపోతే కొన్నాళ్లు ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు. బరువు తగ్గకుండా ఉంటేనే చికిత్స మధ్యలో ఆగకుండా సాగుతుంది.

ఈ రేడియేషన్ మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు ఉంటుంది. రోజూ మీరే వెంట వెళ్లనక్కర్లేదు. అయిదుగురు స్నేహితులు తలా ఒక రోజు పంచుకుంటే వారానికి ఒక్కొక్కరికి ఒక పూటే పడుతుంది. ఆయనతో మాట్లాడించవద్దని వాళ్లకు ముందే చెప్పండి. పక్కన కూర్చుని క్రికెట్ చూడటం, పేపర్ చదివి వినిపించడం చాలు. తను బదులు చెప్పాల్సిన పని లేదని తెలిస్తే ఆయన తలుపు తీస్తారు. ఆయనతో కలిసి గుట్కా, సిగరెట్ అలవాటైన స్నేహితులుంటే వాళ్లు ఆయన కోసం మానేయాలి. ఇంతకన్నా విలువైన సాయం వాళ్లు చేయలేరు.

ఇక మీ సంగతి. ఆయన మందుల డబ్బాలోనే మీ బీపీ మాత్రలూ పెట్టుకోండి, ఇద్దరూ ఒకేసారి వేసుకోండి. వారానికి రెండు రాత్రులు మీ అక్కచెల్లెళ్లో, ఆయన స్నేహితుడో ఆయన దగ్గర పడుకుంటే మీరు వేరే గదిలో నిద్రపోండి. దిగులు తగ్గకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవ. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. విశాఖలో నా చిన్ననాటి స్నేహితురాలి భర్తకు బ్లడ్ క్యాన్సర్. ఇంత దూరం నుంచి నేనేం చేయగలను? – ఒక పాఠకురాలు

జవాబు: చాలా చేయగలరు. బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో ప్లేట్‌లెట్లు పదే పదే అవసరమవుతాయి. సేకరించాక అవి 5 రోజులే నిల్వ ఉంటాయి. అందుకే దాతలు ఎప్పటికప్పుడు కావాలి. ఎముక మజ్జ మార్పిడి చేసే ఆలోచన ఉంటే రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకపోవడం మంచిది కాబట్టి స్నేహితులే దిక్కు. విశాఖలోని మీ పాత క్లాస్‌మేట్లతో ఒక జాబితా తయారు చేయండి. 18 ఏళ్లు దాటి, 50 కిలోల బరువు ఉండి, గడిచిన 3 రోజుల్లో ఆస్పిరిన్ వేసుకోనివాళ్లు కావాలి. బ్లడ్ గ్రూపు, ఏ రోజుల్లో వీలవుతుందో పేరు పక్కనే రాయించండి. ఆసుపత్రి నుంచి కబురొచ్చినప్పుడు మీ స్నేహితురాలు ఆ కంగారులో ఫోన్లు చేయకుండా, ఆ పని మీరు చేయండి.

డబ్బు పంపాలనుకుంటే ఆమె అడిగేదాకా చూడకండి. ఫలానా పరీక్షల ఖర్చు నాది అని చెప్పండి. ఆకు పసర్లు, పథ్యాల వీడియోలు పంపవద్దు. వాటిని నమ్మి కీమో ఆపేసినవాళ్లను, కొన్ని పసర్లతో కాలేయం దెబ్బతిన్నవాళ్లను నేను చూశాను. వారంలో ఒక రోజు, ఆమెకు వీలైన వేళ ఫోన్ చేయండి. ఆమె భర్త ఎలా ఉన్నారో అడిగాక ‘నువ్వు అన్నం తిన్నావా, నిద్రపోయావా’ అని కూడా అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. చికిత్స నెలల తరబడి సాగుతుంది. మొదటి వారం వచ్చినన్ని ఫోన్లు నాలుగో నెలలో రావు. మీ ఫోన్ అప్పుడు కూడా రావాలి.