ఒక్క హెల్పర్ ఉన్నా మీరు యజమానే: చిన్న షాపు నడిపే లబ్ధిదారులకు పాఠం



సంఘం లోనుతోనో, బ్యాంకు లోనుతోనో లాలాగూడలో టైలరింగ్ షాపు, కర్రీ పాయింట్, బ్యూటీ పార్లర్ లాంటిది పెట్టుకున్నారు. మొదట్లో ఇంట్లోవాళ్ళే చేసుకున్నారు. గిరాకీ పెరిగింది, ఒక హెల్పర్‌ను పెట్టుకున్నారు. నిన్నటిదాకా మీరూ ఎవరి దగ్గరో పనిచేసినవాళ్ళే కావచ్చు. కానీ ఈ రోజు నుంచి చట్టం లెక్కలో మీరు యజమాని.

"మాది చిన్న షాపు, లేబర్ రూల్స్ మాకెందుకు?" అని చాలామంది అడుగుతారు. కొన్ని రూల్స్ 10 మంది, 20 మంది ఉంటేనే వస్తాయి, నిజమే. మిగతావి ఒక్క మనిషితోనే మొదలవుతాయి. ఏది ఎప్పుడు వస్తుందో చూద్దాం.

ఒక్కరు ఉన్నా పాటించాల్సినవి

1. రిజిస్ట్రేషన్: మన రాష్ట్రంలో షాపులకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వర్తిస్తుంది. షాపు మొదలైన 30 రోజుల్లో కార్మిక శాఖ దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. సర్టిఫికెట్ షాపులో కనిపించేటట్టు పెట్టాలి. మీ కుటుంబ సభ్యులు ఉద్యోగుల లెక్కలోకి రారు.

2. జీతం: ప్రభుత్వం ఆ పనికి నిర్ణయించిన కనీస వేతనానికి తక్కువ ఇవ్వకూడదు. ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కరువు భత్యం మారుతుంది కాబట్టి ఇప్పటి రేటు ఎంతో కార్మిక శాఖ ఆఫీసులో అడిగి రాసుకోండి. ఒకే పనికి మగవాళ్ళకు ఎక్కువ, ఆడవాళ్ళకు తక్కువ ఇవ్వడం కుదరదు. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు చేతికి అందాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, మనిషి పని మానేసినా, మీరు తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ మొత్తం ఇచ్చేయాలి.

3. పని గంటలు: షాపులో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. వారానికి ఒక రోజు సెలవు, దానికి జీతం కోయకూడదు. పండుగ సీజన్‌లో ఎక్కువసేపు చేయిస్తే ఆ గంటలకు రెట్టింపు కట్టాలి. అదీ వారానికి 6 గంటలు మించకూడదు.

4. సెలవులు: ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారికి తర్వాతి ఏడాది 15 రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2 కూడా జీతంతో సెలవులే.

5. పిల్లలు: 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దు. "బడి అయిపోయాక వస్తడు, చాయ్ మాత్రమే అందిస్తడు" అన్నా ఒప్పుకోరు. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

లెక్క చేసి చూద్దాం

మీ హెల్పర్ జీతం నెలకు 15,600 రూపాయలు అనుకుందాం. 26 పనిదినాలకు రోజుకు 600, గంటకు 75. బతుకమ్మ ముందు వారంలో 6 గంటలు ఎక్కువ చేస్తే గంటకు 150 చొప్పున 900 రూపాయలు అదనం.

పని తక్కువైందని అదే మనిషిని మూడేళ్ళ తర్వాత తీసేయాల్సి వచ్చిందనుకోండి. ఆరు నెలలు దాటినవారికి నెల ముందు రాతపూర్వక నోటీసు, లేదా దాని బదులు నెల జీతం ఇవ్వాలి. ఏడాది దాటినవారికి ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కూడా ఉంటుంది. అంటే 45 రోజులకు 27,000. నోటీసు ఇవ్వకపోతే ఇంకో 15,600. మొత్తం 42,600. కోపంలో "రేపటి నుంచి రావద్దు" అనే ముందు ఈ లెక్క వేసుకోండి. దొంగతనం లాంటి తప్పు జరిగినా సంజాయిషీ అడిగి, విచారణ చేసి, రాసిపెట్టాలి.

10 మంది, 20 మంది అయితే

10 మంది అయితే ఈఎస్‌ఐ వస్తుంది. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి మీరు 3.25 శాతం, వాళ్ళు 0.75 శాతం కడతారు. 15,600 జీతానికి మీ వాటా 507, వాళ్ళది 117. ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం షాపులోనే కమిటీ వేయాలి. 10 మంది కన్నా తక్కువ ఉంటే జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. 20 మంది అయితే పీఎఫ్ వస్తుంది.

అప్పటిదాకా మీ హెల్పర్‌ను ఈ-శ్రమ్‌లో ఉచితంగా నమోదు చేయించండి. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా కూడా వస్తుంది. మరుగుతున్న నూనె, కరెంటు మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళకు ఇది తప్పకుండా చేయించండి.

నోటిమాట వద్దు, నోట్‌బుక్ పెట్టండి

మన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ నిజాం కాలంలో, 1893లో మొదలైంది. అక్కడ పనిచేసినవారు ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే అడగండి. హాజరు, జీతం, సెలవు అన్నీ కాగితం మీదే ఉంటాయని చెప్తారు. మన షాపుల్లో మాత్రం అంతా నోటిమాట.

గొడవ వచ్చాకే దీని విలువ తెలుస్తుంది. "రెండు నెలల జీతం రాలేదు" అని హెల్పర్ అంటుంది. "చేతికే ఇచ్చిన" అని మీరంటారు. ఇచ్చినట్టు చూపించాల్సింది యజమానే. నిజంగా ఇచ్చినా సంతకం లేకపోతే మీరు నష్టపోతారు. నిజంగా ఇవ్వకపోతే, కాగితం లేక ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఈ వారమే చేయండి

• షాపు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.
• పని, జీతం, గంటలు, చేరిన తేదీ రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఒక కాపీ వాళ్ళకివ్వండి.
• హాజరు, ఓవర్‌టైమ్, అడ్వాన్స్ ఏ రోజుకారోజు నోట్‌బుక్‌లో రాయండి.
• జీతం ఖాతాలో వేయండి. నగదు ఇస్తే సంతకం తీసుకోండి.

మీరు పనిచేసిన చోట రావాల్సిన పైసల కోసం ఎంత తిరిగారో మీకు గుర్తుంటుంది. మీ దగ్గర చేసేవాళ్ళకు ఆ తిప్పలు రానీయకండి. ఈ పాఠాన్ని మీ సంఘం గ్రూపులో అందరికీ పంపండి.