పొదుగుకు వచ్చిన పెట్ట

తెలుగులో ‘పొదుగు’ అన్న మాట ఒక్కటే అయినా, అది రెండు విధాల తల్లితనాన్ని చెబుతుంది. నామవాచకంగా అది ఆవు గేదెల పాలకు నెలవు. క్రియగా, పక్షి తన గుడ్లను రెక్కల కింద దాచి వెచ్చదనమివ్వడం. కావ్యభాషలో ఈ క్రియకు ఆవరించడం, చుట్టుకొనడం అన్న అర్థాలూ ఉన్నాయి. చేప చూపుతోను, తాబేలు తలపుతోను, పక్షి స్పర్శతోను సంతానాన్ని పోషిస్తాయని సంస్కృత నీతికారులు అన్నారు. మొదటి రెండూ కవుల ఊహలు కావచ్చు. మూడవది మాత్రం పెరటిలో కోళ్ళగంప ఎత్తి చూసినవారందరికీ ప్రత్యక్షానుభవమే.

నాటుపెట్ట వరుసగా పది పన్నెండు గుడ్లు పెట్టిన తరువాత ఒకనాడు గూటిని వదలడం మానివేస్తుంది. దగ్గరకు వెళితే ఈకలు నిక్కబొడుచుకొని బుసకొడుతుంది. చేయి చాపితే పొడుస్తుంది. రోజుకొక్కసారి మాత్రం దిగి, పావుగంటసేపు ఆత్రంగా మేసి, నీళ్ళు తాగి, తిరిగి గుడ్లమీదికి చేరుతుంది. దాని రొమ్ముకింది ఈకలు రాలి, చర్మం నేరుగా గుడ్డుకు తగులుతుంది. మెదడు అడుగున ఉండే పీయూషగ్రంథి నుండి స్రవించే ప్రొలాక్టిన్ అనే హార్మోను దీనికి మూలం. గుడ్ల స్పర్శ ఆ స్రావాన్ని నిలుపుతుంది. ఆ స్రావం గుడ్లు పెట్టడాన్ని ఆపుతుంది. దీనినే మన పల్లెలలో ‘కోడి పొదుగుకు వచ్చింది’ అంటారు.

ఇక్కడే ఇంటి ఇల్లాలికి ఒక లెక్క ఎదురవుతుంది. పొదగడానికి 21 రోజులు, పిల్లలను తిప్పడానికి సుమారు రెండు నెలలు. అంతకాలం ఆ పెట్ట గుడ్డు పెట్టదు. ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టని నాటుకోడి విషయంలో ఇది చిన్న నష్టం కాదు. నాలుగైదు పెట్టలున్న పెరటిలో రెండు ఒకేసారి పొదుగుకు వస్తే, గుడ్లమ్మి ఉప్పూ పప్పూ తెచ్చుకొనే ఇంటికి ఆ నెల కటకటే. పిల్లలు కావాలా, గుడ్లు కావాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఎటూ తేల్చక పెట్టను ఖాళీ గూటిలో వదిలివేస్తే రెండూ దక్కవు. అది వారాల తరబడి తిండి మాని కృశిస్తుంది.

గుడ్లే కావాలనుకొంటే పొదుగు మాన్పించాలి. పూర్వం ఇందుకు కోడిని నీళ్ళలో ముంచేవారు. ముక్కురంధ్రంలో ఈక దూర్చేవారు. ఇవి క్రూరమైన పనులు, పైగా నమ్మదగినవీ కావు. కావలసింది కడుపుకింద వెచ్చదనం తగ్గడం. వెదురుబద్దలతోనో ఇనుపతీగ జాలితోనో అడుగు అమర్చిన బోనును ఇటుకలమీద ఎత్తుగా నిలిపి, అందులో పెట్టను ఉంచాలి. గడ్డి వేయరాదు. కిందినుండి గాలి ఆడాలి. మంచి వెలుతురు ఉండాలి. మేతకు, నీటికి లోటు రారాదు. మూడు నాలుగు రోజులలో చాలా పెట్టలు మామూలు స్థితికి వస్తాయి. లక్షణం కనిపించిన తొలినాడే ఈ పని చేస్తే సులువు.

పిల్లలే కావాలనుకొంటే గుడ్ల ఎంపిక ముఖ్యం. పుంజు తిరిగే మందలోని గుడ్లే పనికివస్తాయి. వారం దాటినవి వద్దు. వేసవిలో నాలుగు రోజులు దాటినవీ వద్దు. కడగరాదు. హైదరాబాదులోని రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో రూపొందిన వనరాజ, గ్రామప్రియ కోళ్ళు సాధారణంగా పొదుగుకు రావు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి పొదిగిస్తారు. తనవో పరాయివో ఆ తల్లి చూడదు. గంపలో ఇసుక పోసి, పైన ఎండుగడ్డి పరచి, పది పన్నెండు గుడ్లకు మించకుండా పేర్చి, చీకటి పడిన తరువాత పెట్టను కూర్చోబెట్టాలి. ఉరుముకు గుడ్లు చెడకుండా ఉండాలని మా పెద్దలు గంపలో బొగ్గుముక్క, ఇనుపముక్క వేసేవారు. దానివల్ల మేలూ లేదు, కీడూ లేదు.

గంపను తక్కిన కోళ్ళకు దూరంగా ఉంచాలన్న సంగతి నేను ఆలస్యంగా తెలుసుకొన్నాను. డిగ్రీ చదివే రోజులలో సెలవులకు ఊరు వెళితే, మా నాయనమ్మ ఒక పెట్టను పొదగవేయించి ఆ బాధ్యత నాకు అప్పగించింది. నేను గంపను కోళ్ళగూటిలోనే పెట్టాను. పెట్ట మేతకు దిగినప్పుడల్లా మిగిలినవి వచ్చి అందులో గుడ్లు పెట్టాయి. పన్నెండు కాస్తా పద్దెనిమిదయ్యాయి. రెక్కల కింద చోటు చాలక ఒకదాని తరువాత ఒకటిగా అన్నీ చల్లబడ్డాయి. ఇరవై ఒకటవ నాడు అయిదు పిల్లలు బయటికి వచ్చాయి. రెండు రోజులకు తల్లి వాటిని వెంటబెట్టుకొని పెరటిలోకి దిగిపోయింది, మళ్ళీ గంప ముఖం చూడలేదు. మిగిలిన గుడ్లలో రెండింటిని చెవి దగ్గర పెట్టుకొంటే లోపల కీచుమని వినిపించింది. సాయంత్రానికి ఆ సవ్వడీ ఆగింది. నాయనమ్మ కోప్పడలేదు. “బొగ్గుగీత పెట్టలేదేంరా?” అని మాత్రం అడిగింది. పొదగవేసిన గుడ్డుకు గీత ఉంటే, గీత లేని కొత్త గుడ్డును ఏ రోజుకారోజు తీసివేయవచ్చు.

ఏడవనాటి రాత్రి గుడ్డును దీపానికి అడ్డంగా పట్టి చూడాలి. ఎర్రని నరాలు సాలెగూడులా అల్లుకొని కనిపిస్తే జీవమున్నట్లు. తేటగా ఉంటే తీసివేయాలి. గుడ్లను తిప్పే పని మనది కాదు. తల్లి ముక్కుతో రోజుకు అనేకమారులు తానే తిప్పుతుంది. ఏప్రిల్, మే నెలలలో మాత్రం గంప నీడపట్టున ఉండాలి, నీళ్ళమూకుడు పక్కనే ఉండాలి. ఎండకు సోలిపోతున్నా గుడ్లు వదలక గూటిలోనే ప్రాణం విడిచే పెట్టలున్నాయి.

చివరి రోజులలో లోపలి పిల్ల కూస్తే తల్లి మెల్లగా బదులు పలుకుతుంది. పెంకు పగిలే వేళ సాయం చేయబోరాదు. పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన తొలిరోజుకు సరిపడా ఆహారం. తరువాత నూకలు, నీళ్ళు చాలు. వారం లోపల కొక్కెర తెగులు రాకుండా కంటిలో లసోటా చుక్కలమందు వేయించాలి. గద్ద నీడ నేలమీద కదిలితే తల్లి ఒక్క అరుపు అరుస్తుంది. పిల్లలన్నీ రెక్కల కిందికి దూరుతాయి. రెండు నెలలు నిండాక అదే తల్లి వాటిని పొడిచి తరుముతుంది. ఆ తరువాత కొద్దిరోజులకు గంపలో మళ్ళీ ఒక గుడ్డు కనిపిస్తుంది.